లీడ్ అంటే, దేనికి లీడ్?

మా పాత టీమ్‌లో పనిచేసిన కుర్రాడొకడు మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "అన్నా, నన్ను లీడ్ డెవలపర్ చేస్తామంటున్నారు. ఒప్పుకోమంటావా?" అన్నాడు. సంతోషమేసింది. కంగ్రాట్స్ చెప్పి, జీతం ఎంత పెంచుతున్నారని అడిగాను. పెద్దగా ఏమీ లేదన్నాడు. టీమ్‌లో ఎంతమందంటే, వాడు కాక ఏడుగురు. మరి నీ పనేంటంటే, "ఇప్పుడు చేసేదే అన్నా, ప్లస్ వీళ్లందరినీ చూసుకోవాలి" అన్నాడు.

ఆ 'ప్లస్' దగ్గర నా మనసు ఆగిపోయింది. తొమ్మిదేళ్ల కిందట నాకు ఆ హోదా ఇచ్చినప్పుడు మా మేనేజర్ వాడిన మాట కూడా అదే. పగలంతా కాల్స్, పక్కవాళ్ల డౌట్లు. రాత్రి మా పాప పడుకున్నాక పదింటికి ల్యాప్‌టాప్ తెరిచి నా వాటా కోడ్. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. ఆ రోజుల్లో లీడ్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే, సీనియర్ డెవలపరే, కాకపోతే పని ఎక్కువ అని చెప్పేవాణ్ణి. అది తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఫోన్‌లో వాడికి ఇదంతా సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అసలు ఈ మాట మన ఆఫీసుల్లోకి ఎలా వస్తుందో ముందు చూడాలి. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ బిల్డింగ్‌లోకి వెళ్లినా లీడ్‌లకు కొదవ లేదు. మాడ్యూల్ లీడ్, టెక్ లీడ్, టీమ్ లీడ్, ప్రాజెక్ట్ లీడ్, అసోసియేట్ లీడ్. వీటిలో చాలావరకు పనిలోంచి పుట్టినవి కావు, అప్రైజల్‌లోంచి పుట్టినవి. ఒకరికి ఆరేడేళ్ల ఎక్స్‌పీరియన్స్ నిండిందని ఇస్తారు. ఇంకొకరికి జీతం పెంచే బడ్జెట్ లేదు కాబట్టి ఇస్తారు. రిజైన్ చేసి 90 రోజుల నోటీస్‌లో ఉన్న మనిషిని ఆపడానికి ఇస్తారు. సర్వీస్ కంపెనీల్లో ఇంకో లెక్క ఉంది. క్లయింట్‌తో కుదుర్చుకున్న రేట్ కార్డులో డెవలపర్ గంటకు ఒక రేటు, లీడ్ గంటకు ఇంకో రేటు. కాగితం మీద ఒక లీడ్ కావాలి కాబట్టి ఎవరో ఒకరు లీడ్ అవుతారు. ఇదంతా మోసమని నేను అనను, నాకొచ్చింది కూడా ఇలాగే. కానీ ఇలా వచ్చిన హోదాకు పని అంటూ ఒకటి జతపడదు. "నువ్వు దేనికి లీడ్‌వి?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఏ కంపెనీలో, ఏ క్లయింట్‌కి అన్నది చెబుతారు. దేనికి అన్నది చెప్పలేరు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ సోర్స్ కోడ్‌లో 'మెయింటైనర్స్' అని ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ఏ డ్రైవర్ ఎవరు చూస్తున్నారు, ఏ ఫోల్డర్‌లో మార్పు చేస్తే దాన్ని ఎవరికి పంపాలి అన్నది పేరూ మెయిల్ ఐడీతో సహా అందులో రాసి ఉంటుంది. నాకు ఆ ఫైల్‌లో బాగా నచ్చేది ఇంకొకటి. చూసేవాళ్లు లేని భాగానికి ఎదురుగా 'ఆర్ఫన్' అని రాస్తారు. అనాథ అన్నమాట. దాన్ని దాచరు. మన ప్రాజెక్టుల్లో ఇలాంటి ఫైల్ ఒకటి నిజాయితీగా రాస్తే ఎన్ని మాడ్యూల్స్ ఎదురుగా ఆ మాట పడుతుందో ఆలోచించండి. టీమ్‌లో ముగ్గురు లీడ్‌లు ఉండి కూడా పేమెంట్ మాడ్యూల్ అనాథగా ఉన్న ప్రాజెక్టులో నేను పనిచేశాను.

నాకు ఈ విషయం కంప్యూటర్ల దగ్గర కంటే ముందు ఇటుకల దగ్గర తెలిసి ఉండాల్సింది. మా మేనమామ తెనాలిలో తాపీ మేస్త్రి. వేసవి సెలవుల్లో ఆయన వెంట సైట్‌కి వెళ్లేవాణ్ణి. పొద్దున్నే వెళ్లగానే ఆయన చేసే మొదటి పని, ముందు రోజు మిగతావాళ్లు కట్టిన గోడ పక్కన దారానికి కట్టిన గుండు వదలడం. గుండు ఊగి ఊగి నిలబడేదాకా మాట్లాడేవాడు కాదు. గోడ రవ్వంత ఒరిగినట్టు కనిపిస్తే, కట్టిన కుర్రాణ్ణి పిలిచి గుండు వాడి చేతికే ఇచ్చేవాడు. "నువ్వే చూడు" అనేవాడు. వాడు చూసి, తప్పు ఎక్కడుందో వాడే చెప్పి, పై రెండు వరుసలు వాడే విప్పి మళ్లీ కట్టాలి. ఇంటి ఓనరు మధ్యాహ్నం వచ్చి ఇదేంటి మళ్లీ విప్పుతున్నారని అరిస్తే మాత్రం ఆ కుర్రాడి పేరు వచ్చేది కాదు. "నేనే విప్పించానండీ, సాయంత్రానికి లేస్తుంది" అనేవాడు మామయ్య. ఆయన చేతిలో కూడా తాపీ ఉండేది, ఆయనా కట్టేవాడు. కానీ ఆయన మేస్త్రి అయింది ఎక్కువ ఇటుకలు పేర్చినందుకు కాదు. ఆ ఇంట్లో ఏ గోడకైనా ఓనరుకు జవాబు చెప్పాల్సింది ఆయనే కావడం వల్ల.

ఇదంతా కళ్లారా చూసినవాణ్ణి అయ్యుండి కూడా, నా వంతు వచ్చినప్పుడు తప్పాను.

అప్పట్లో మేం చేసేది మందుల హోల్‌సేల్ డీలర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఒక రిపోర్ట్ బాగా స్లోగా వస్తోందని కంప్లయింట్. మొన్న నాకు ఫోన్ చేసిన ఈ కుర్రాడే, అప్పటికి చేరి ఎనిమిది నెలలు, ఆ టేబుల్‌కి ఒక ఇండెక్స్, అంటే పుస్తకంలో విషయసూచిక లాంటిది, పెడితే సరిపోతుందని కనిపెట్టాడు. సరిగ్గానే కనిపెట్టాడు. డేటాబేస్‌ని మార్చే ఒక్క లైను మైగ్రేషన్ రాసి, చూసి ఒప్పుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టాడు. ఆ రోజు నాకు వరసగా నాలుగు కాల్స్. రెండింటి మధ్య దొరికిన సందులో తెరిచి, ఒక్క లైనే కదా అని 'లుక్స్ గుడ్' అని రాసి అప్రూవ్ నొక్కాను. తెలిసినవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మేం వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ కట్టమంటే, అది కట్టడం అయ్యేదాకా ఆ టేబుల్‌లోకి కొత్తగా ఏదీ రాయనివ్వదు. పని ఆగకుండా కట్టాలంటే 'కన్‌కరెంట్లీ' అన్న మాట కలపాలి. మా టెస్ట్ డేటాబేస్‌లో ఆ టేబుల్‌కి ఉన్నవి 40 వేల రికార్డులు, కనురెప్పపాటులో అయిపోయింది. డీలర్లు వాడే అసలు సిస్టమ్‌లో, అంటే ప్రొడక్షన్‌లో, 6 కోట్లకు పైనే.

అది నెలాఖరు, పొద్దున పదకొండు. డీలర్ల దగ్గర బిల్లులు కనిపిస్తున్నాయి, కానీ కొత్త బిల్లు సేవ్ కావడం లేదు. సేవ్ కాకపోతే మనిషి ఏం చేస్తాడు, మళ్లీ నొక్కుతాడు. అలా నొక్కిన ప్రతిసారీ డేటాబేస్ దగ్గర ఇంకో కనెక్షన్ క్యూలో నిలబడింది. కాసేపటికి కనెక్షన్లన్నీ నిండిపోయి, కనిపించే బిల్లులు కూడా కనిపించడం మానేశాయి. మేం కారణం పట్టుకుని ఆ ఇండెక్స్ పనిని చంపేసేసరికి 11 నిమిషాలు. కౌంటర్ల దగ్గర నిలబడ్డ జనానికి అది చాలా ఎక్కువ సేపు.

మధ్యాహ్నం కాల్. క్లయింట్ వైపు నుంచి నలుగురు, మా వైపు నుంచి మేనేజర్, నేను, టీమ్. "ఈ చేంజ్ ఎవరు చేశారు?" అని అడిగారు. నేను ఆ కుర్రాడి పేరు చెప్పాను. అబద్ధం కాదు, రాసింది వాడే. కాల్‌లో వాడి పేరు పక్కన మైక్ గుర్తు ఎర్రగా మ్యూట్‌లో ఉండటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. అన్‌మ్యూట్ చేసి "సారీ సర్" అన్నాడు. అంతే.

ఆ 11 నిమిషాల నష్టం సాయంత్రానికి పూడింది. నేను పేరు చెప్పిన నష్టం పూడటానికి ఏడాది పట్టింది. మర్నాటి నుంచి టీమ్‌లో డౌట్లు ఆగిపోయాయి. అంతకుముందు నా సీటు దగ్గరికి వచ్చి "అన్నా, చిన్న డౌట్" అనేవాళ్లు. ఇప్పుడు ఎవరి మానిటర్ వాళ్లు చూసుకుంటున్నారు. ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో రోజూ చెప్పుకునే స్టాండప్‌లో అందరిదీ ఒకే మాట, 'ఇన్ ప్రోగ్రెస్'. కొత్తగా చేరిన ఒకమ్మాయి మూడు రోజులు వరసగా "ఆల్మోస్ట్ అయిపోయింది" అని చెప్పింది. నాలుగో రోజు పక్కన కూర్చుని చూస్తే, తనకు టెస్ట్ సర్వర్‌లోకి లాగిన్ అవడానికే పర్మిషన్ లేదు. రెండు నిమిషాల పని. అడగడానికి భయపడి మూడు రోజులు పోగొట్టుకుంది. "అడగొచ్చు కదమ్మా" అంటే తల దించుకుంది. ఆ తల దించుకోవడానికి కారణం నేనే అని అప్పుడు తెలిసింది.

ఆ మధ్యనే, టీమ్‌లు తమ కోడ్ దాచుకునే సర్వీసు నడిపే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో జరిగిన సంఘటన వివరాలు చదివాను. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీర్ ఒకరు, రెండో సర్వర్‌లో తుడిచేయాల్సిన డేటాబేస్ ఫోల్డర్‌ని పొరపాటున అసలు సర్వర్‌లో తుడిచేశారు. ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపేసరికే దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతికితే, రోజూ తీయాల్సిన బ్యాకప్ ఎప్పటినుంచో ఫెయిల్ అవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిల్స్ ఎవరికీ చేరడం లేదు. చివరికి వేరే పని కోసం ఎవరో ఆరు గంటల ముందు చేత్తో తీసి పెట్టిన కాపీ దొరకబట్టి బయటపడ్డారు. మధ్యలోని ఆరు గంటల డేటా పోయింది. కంపెనీ దీన్నంతా బహిరంగంగా రాసింది. ఆ రాతలో ఆ ఇంజినీర్ పేరు లేదు, 'టీమ్ మెంబర్ 1' అని మాత్రమే ఉంది. బ్యాకప్ పనిచేస్తోందో లేదో ఎందుకు చూడలేదన్న ప్రశ్నకు వాళ్లు రాసుకున్న జవాబు, దానికి ఓనర్ అంటూ ఎవరూ లేరు కాబట్టి బాధ్యతా ఎవరిదీ కాలేదని.

నాకు ఆ రెండూ పక్కపక్కనే కనిపించాయి. తప్పు చేసిన మనిషి పేరు చెప్పలేదు. ఓనర్ లేని పనికి మాత్రం వేలు పెట్టి చూపించారు. నేను చేసింది దీనికి సరిగ్గా ఉల్టా. మైగ్రేషన్‌లను ప్రొడక్షన్ సైజు డేటా మీద పరీక్షించి చూడటం అన్న పని మా టీమ్‌లో అనాథ. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా కుర్రాడి పేరు చెప్పి వచ్చాను. వాడికి తర్వాత క్షమాపణ చెప్పాను, వాడొక్కడికే కాదు, అందరి ముందూ చెప్పాను. పుల్ రిక్వెస్ట్ మీద అప్రూవ్ నొక్కడం అంటే బాగుంది అని మెచ్చుకోవడం కాదు, 'రేపు దీని గురించి అడిగితే నన్ను అడగండి' అని సంతకం పెట్టడం. లీడ్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. తను రాయని కోడ్‌కి జవాబు చెప్పే మనిషి లీడ్. తను రాసిన కోడ్‌కి ఎవరైనా చెబుతారు.

దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఒక్క మనిషి అన్నిటికీ జవాబు చెప్పాలంటే అన్నీ తన తలలోనే పెట్టుకోవాలా? మన దగ్గర చాలామంది లీడ్‌లు చేసేది అదే. "ఇది ఆయన్నే అడగాలి" అన్న మాటను గౌరవంగా తీసుకుంటారు. సెలవు పెడితే ఫోన్ మోగుతూనే ఉండాలి, అప్పుడే మన విలువ అనుకుంటారు. నేనూ అలా మురిసిపోయిన రోజులున్నాయి. కానీ ఈ హోదా మూలాల్లో అలా లేదు. 1970ల మొదట్లో ఐబీఎమ్‌లో హార్లన్ మిల్స్ 'చీఫ్ ప్రోగ్రామర్ టీమ్' అన్న పద్ధతిని ముందుకు తెచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ పత్రికకు పాత వార్తల క్లిప్పింగులు వెతికే సిస్టమ్‌ని ఆ పద్ధతిలోనే కట్టారు. 83 వేల లైన్ల కోడ్, 22 నెలలు. టెర్రీ బేకర్ అక్కడ చీఫ్ ప్రోగ్రామర్. ముఖ్యమైన కోడ్ చీఫే రాస్తాడు. ఇంతవరకు మన లీడ్‌లకు బాగానే వంటబట్టింది. కానీ ఆ టీమ్‌లో ఇంకో ఇద్దరు తప్పనిసరి. ఒకరు బ్యాకప్ ప్రోగ్రామర్, చీఫ్‌కి తెలిసిందంతా తెలిసి, ఏ క్షణమైనా ఆ కుర్చీలో కూర్చోగలిగిన మనిషి. ఇంకొకరు లైబ్రేరియన్, ప్రతి ప్రోగ్రామ్‌నీ, ప్రతి రన్‌నీ ఫైల్ చేసి టీమ్ అంతా చూసేలా ఉంచే మనిషి. ప్రోగ్రామ్ ఒకడి సొంత సొత్తు కాదు, టీమ్ అందరి కళ్ల ముందు ఉండాల్సిన వస్తువు అన్నది ఆ పద్ధతికి ప్రాణం.

లైబ్రేరియన్ పని ఇప్పుడు, కోడ్‌లో ప్రతి మార్పునీ దాచి ఉంచే గిట్ అనే టూల్ చేసిపెడుతోంది. బ్యాకప్ మనిషి ఏమయ్యాడు? చీఫ్‌ని ఉంచుకుని బ్యాకప్‌ని తీసేశాం, ఖర్చని. ఆ స్థానంలో నోటీస్ పీరియడ్‌లో చివరి రెండు వారాల కేటీ, అంటే తెలిసింది అప్పగించి వెళ్లడం, పెట్టుకున్నాం. ఏడేళ్లు ఒక మనిషి తలలో పేరుకున్నది పది మీటింగుల రికార్డింగ్‌లో వచ్చేస్తుందనుకోవడం పిచ్చి ఆశ. ఆ రికార్డింగులు ఎవరూ రెండోసారి తెరవగా నేను చూడలేదు. లీడ్ తనకో బ్యాకప్‌ని మొదటి రోజు నుంచే తయారుచేసుకోవాలి. అంటే, తనకు బాగా వచ్చిన పనిని చేతులారా ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మనసు ఒప్పదు. నేను గంటలో చేసేది వాడు రెండు రోజులు చేస్తాడు అనిపిస్తుంది. అనిపించినా ఇవ్వాలి.

మరి లీడ్ కోడ్ రాయాలా వద్దా? రాయాలి. రాయడం మానేసిన లీడ్ చెప్పే ఎస్టిమేట్‌ని ఆరు నెలల తర్వాత నేను నమ్మను. కానీ తన కోడ్ కోసం ఇంకొకరు ఎదురుచూసే చోట ఉండకూడదు. నేను కాల్‌లో ఇరుక్కుంటే ముగ్గురు చేతులు కట్టుకు కూర్చున్న రోజులు చూశాక కొత్త ఫీచర్లు, పేరొచ్చే పనులు పిల్లలకే వదిలేశాను. ఎవరూ ముట్టని పనులు నేను తీసుకున్నాను. మా టెస్టులన్నీ నడవడానికి 40 నిమిషాలు పట్టేది, రెండు వారాలు కూర్చుని 9కి తెచ్చాను. అది ఏ డెమోలోనూ కనబడదు. అయితే రోజుకు మూడుసార్లు టెస్టులు నడిపే ఏడుగురికి అది ఎంత మిగిల్చిందో లెక్క వేసుకోవచ్చు.

కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వచ్చాక, తను రాయని కోడ్‌కి జవాబు చెప్పాల్సిన ఈ పని ఇంకా పెరిగింది. రెండు రోజుల్లో రావాల్సిన పుల్ రిక్వెస్ట్ గంటలో వస్తోంది, అదీ 900 లైన్లు. ఇది ఎందుకిలా రాశావంటే "టూల్ అలా ఇచ్చింది అన్నా" అంటారు. టూల్ క్లయింట్ కాల్‌కి రాదు. రాసినవాళ్లే అర్థం చేసుకోని కోడ్ వెనక్కి పంపడం ఇప్పుడు లీడ్ పనిలో పెద్ద భాగం, అది విసుక్కోకుండా చేయాలి.

ఇంతదాకా చదివిన లీడ్ ఎవరైనా ఒక మాట అంటారు, నాకు తెలుసు. "బాధ్యత సరే, అధికారం ఏది? రేటింగ్ మేనేజర్ వేస్తాడు, డేట్ సేల్స్ వాళ్లు ఇస్తారు, మనుషుల్ని హెచ్ఆర్ ఇస్తుంది. నేను మాత్రం జవాబు చెప్పాలా?" ఇది నూటికి నూరుపాళ్లు న్యాయమైన బాధ. నా ఈ వాదన మొత్తంలో బలహీనమైన చోటు కూడా ఇదే, ఎందుకంటే కంపెనీలు 'బాధ్యత' అన్న మాటను మనుషుల్ని పిండటానికి వాడుకుంటాయి. అందుకే అంటున్నాను, రేటింగ్ వేసే అధికారం లీడ్‌కి అక్కర్లేదు. సెలవులు మంజూరు చేసే అధికారం అసలే అక్కర్లేదు. కానీ రెండు మాత్రం చేతిలో ఉండాలి. ఒకటి, "ఈ రోజు రిలీజ్ వెళ్లదు" అని చెప్పే హక్కు, చెప్పాక ఎవరూ పైనుంచి దాన్ని దాటి నొక్కలేకపోవడం. రెండోది, పనికి ఎన్ని రోజులు పడుతుందన్న మాట లీడ్ దగ్గర్నుంచి పోవాలి, లీడ్ దగ్గరికి రాకూడదు. మా మామయ్యకు ఇవి రెండూ ఉండేవి. సిమెంట్ ఆరకుండా పైన బరువు పెట్టమని ఏ ఓనరు చెప్పినా ఆయన పెట్టేవాడు కాదు. గోడ పడితే జనం అడిగేది ఆయన్ని కాబట్టి, ఆ మాట చెల్లేది. మన దగ్గర గోడ పడితే అడిగేది లీడ్‌ని, బరువు పెట్టేది ఇంకొకరు. ఈ రెండూ ఇవ్వకుండా ఇచ్చేది లీడ్ హోదా కాదు, తిట్లు పడటానికి పెట్టుకున్న మనిషి. అలాంటిదైతే, ఎంత పెంచినా వద్దు అనే చెబుతాను.

ఇంత పొడుగ్గా కాకపోయినా, ఆదివారం ఫోన్ పెట్టేముందు వాడికి చెప్పింది ఇదే. ఒప్పుకోవాలా వద్దా అన్నది నన్ను అడగొద్దు, మీ మేనేజర్‌ని మూడు ప్రశ్నలు అడుగు అన్నాను. నేను దేనికి లీడ్‌ని, పేరుపెట్టి రాసివ్వండి. రిలీజ్ ఆపమంటే ఆగుతుందా? తేదీ ఎవరు చెబుతారు?

నిన్న రాత్రి మళ్లీ చేశాడు. మీటింగ్ అయిందట. ఇన్వాయిస్, స్టాక్ రెండు మాడ్యూల్స్‌కి వాడి పేరు మెయిల్‌లో రాసిచ్చారట. రిలీజ్ ఆపే మాటకు ఒప్పుకున్నారట, కాస్త గొణిగినా. తేదీల సంగతి మాత్రం "తర్వాత చూద్దాం" అన్నారట.

"ఏం చేయమంటావన్నా?" అన్నాడు.

"ఆ తర్వాత అనేది ఏ నెలో అడిగి, అదీ మెయిల్‌లో రాయించుకో. అప్పటిదాకా పాత జీతానికే పాత పని చెయ్యి" అన్నాను.

"సరే అన్నా" అని, పెట్టేయబోతూ ఆగి, "నీకు బ్యాకప్‌గా నన్ను పెట్టుకున్నావు కదా, నాకు ఎవర్ని పెట్టుకోవాలో చూసుకున్నా. మా టీమ్‌లో ఈమధ్య చేరినమ్మాయి. ప్రతి రివ్యూలోనూ 'ఇది ఎందుకు' అని అడుగుతుంది" అన్నాడు.